ఒక్కో పేటకి ఒక్కో రాత్రి

జూబ్లీహిల్స్‌లో ఒక పబ్బు గుమ్మం దగ్గర నన్ను ఒకే నెలలో రెండుసార్లు వెనక్కి పంపారు. మొదటిసారి కాలికి చెప్పులున్నందుకు. రెండోసారి బూట్లు వేసుకునే వెళ్ళాను, కానీ పక్కన ఆడవాళ్ళు లేరు. "స్టాగ్స్‌కి ఎంట్రీ లేదు సార్" అన్నాడు గుమ్మం దగ్గరున్న నల్లచొక్కా కుర్రాడు. స్టాగ్ అంటే ఏమిటో నాకు తెలీదు. మా మేనల్లుడు చెవిలో చెప్పాడు, "ఆడతోడు లేకుండా వచ్చిన మగాళ్ళు, మావయ్యా" అని. నాకు తోడు లేకపోవడమేంట్రా, కాకినాడలో మీ అత్త ఉందిగా అన్నాను. అది ఇక్కడ చెల్లదట.

అసలు ఈ గోలలోకి ఎందుకు దిగానో చెప్పాలి. 2023 నవంబరులో నాకు కాకినాడ నుంచి హైదరాబాద్ బదిలీ అయింది. అప్పటికి నాకు 47 ఏళ్ళు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మధ్యలో కాలేజీ మార్చడం ఎందుకని ఇంట్లోవాళ్ళు అక్కడే ఉండిపోయారు. నేను అమీర్‌పేటలో ఒక గది తీసుకున్నాను. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. గోడల మీద జావా, పైథాన్ పోస్టర్లు. ఆరింటికి ఆఫీసు అయిపోయేది. ఏడింటికి మెస్సులో భోజనం. అక్కడి నుంచి నిద్ర వచ్చేదాకా నాలుగు గంటలు ఏం చేయాలో తోచేది కాదు. పక్కగది కుర్రాళ్ళతో మాట్లాడదామంటే వాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేవాళ్ళు కారు.

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడే మొదలుపెట్టాడు. "ఇంత సిటీలో ఉండి గదిలో గోడలు చూస్తూ కూర్చుంటావేంటి మావయ్యా" అని. సరే, శనివారానికి ఒక పేట చొప్పున సాయంత్రాలు చూద్దాం అనుకున్నాను. నాకు నేనే రెండు షరతులు పెట్టుకున్నాను. ఒక రాత్రికి అయిదు వందలు దాటకూడదు. ఎవరి బండి కోసమూ ఎదురుచూడకుండా గదికి తిరిగి రాగలగాలి. జేబులో ఒక చిన్న డైరీ.

మొదటి నాలుగు వారాలూ దండగ. చార్మినార్ చూద్దామని ఆదివారం పొద్దున తొమ్మిదికి వెళ్తే లాడ్‌బజార్లో సగం షట్టర్లు మూసి ఉన్నాయి, ఊడ్చేవాళ్ళు తప్ప మనిషి లేడు. గచ్చిబౌలికి సాయంత్రం ఏడింటికి వెళ్తే కనపడింది ట్రాఫిక్కే. రవీంద్రభారతికి రాత్రి తొమ్మిదిన్నరకి చేరితే అప్పుడే జనం బయటికి వస్తున్నారు. నాలుగోది ఆ చెప్పుల సంగతి. తప్పు ఊరిది కాదు, నా గడియారానిది. కాకినాడలో సాయంత్రమంటే అందరికీ ఒకటే సాయంత్రం, మెయిన్‌రోడ్డు ఎన్నింటికి వెలుగుతుందో జగన్నాథపురమూ ఇంచుమించు అప్పుడే. ఇక్కడ ఒక్కో పేట ఒక్కో వేళకి నిద్రలేస్తుంది. అప్పటినుంచి డైరీలో 'ఏం చూడాలి' కొట్టేసి 'ఎన్నింటికి' అని రాసుకోవడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే ముందు లేచేది ట్యాంక్‌బండ్. పొద్దుగూకే వేళకి గట్టు మీద ఉండాలి. ఒకవైపు 1986లో ఎన్టీఆర్ హయాంలో పెట్టిన విగ్రహాలు, ఇంకోవైపు హుస్సేన్‌సాగర్. అవతలి ఒడ్డున కొత్త సచివాలయం గుమ్మటాలకీ, పక్కనే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహానికీ దీపాలు వెలుగుతాయి. అవి రెండూ 2023లోనే వచ్చాయి. నీళ్ళ మధ్య బుద్ధుడు. ఆ విగ్రహాన్ని 1990లో పడవ మీద తీసుకెళ్తుంటే ప్రమాదం జరిగి పది మంది చనిపోయారు. విగ్రహం రెండేళ్ళకు పైగా చెరువు అడుగున పడుకుని, 1992 డిసెంబరులో లేచి నిలబడింది. నా పక్కన కూర్చుని మొక్కజొన్న కంకి తింటున్న పెద్దాయన ఆ రోజుల్లో ఈ గట్టు మీద నిలబడి చూశాడట. ఎనిమిదిన్నరకల్లా పిల్లలున్నవాళ్ళు లేచిపోతారు. ఆ తర్వాత అక్కడ నాబోటివాడికి పెద్దగా పని లేదు.

నాకు బాగా అచ్చొచ్చింది చిక్కడపల్లి. మెట్రో గ్రీన్‌లైన్లో దిగి నడిచిపోవచ్చు. త్యాగరాయ గానసభలో సాయంత్రమైతే ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. పాత సినిమా పాటల విభావరి, కూచిపూడి, హరికథ, పుస్తకావిష్కరణ ఏదైనా కావచ్చు. నేను వెళ్ళిన వాటిలో చాలావాటికి టికెట్ లేదు. ఆరింటికి అని వేసిన పాటల కార్యక్రమం ఏడుంబావుకి మొదలైంది, అంతవరకూ సన్మానాలే. తొమ్మిది మందికి శాలువాలు కప్పారు. ముందు వరసలో ఖాళీ ఉందని కూర్చున్న పాపానికి నన్నూ ఎవరో పెద్దమనిషి అనుకుని ఒకాయన శాలువా పట్టుకుని రెండడుగులు నా వైపు వేశాడు. నేను లేచి మూడో వరసలోకి వెళ్ళిపోయాను. కానీ పాట మొదలయ్యాక ఆ హాల్లో ఉన్నవాళ్ళు విన్నట్టు వినేవాళ్ళని ఈ మధ్య నేనెక్కడా చూడలేదు. రిటైరైన మాస్టార్లు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మలు. చరణం మధ్యలో గాయకుడు ఒక మాట మింగితే నలుగురు గొంతెత్తి అందించారు.

రవీంద్రభారతికి రెండోసారి సరైన వేళకే వెళ్ళాను. టాగోర్ శతజయంతి ఏడాది, 1961లో, తెరిచిన హాలు అది. ఆ రోజు సురభివాళ్ళ పౌరాణిక నాటకం. సురభి పేరు వింటే మా ఇంట్లో మా నాన్న లేచి కూర్చునేవారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఒక పెళ్ళిలో వేసిన నాటకంతో మొదలైన కుటుంబాలవి, తరాలుగా అందరూ రంగస్థలం మీదే. ఇప్పుడు వాళ్ళలో కొందరు ఇక్కడే శేరిలింగంపల్లి వైపు సురభి కాలనీలో ఉంటున్నారు. బాణాలు ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలు రాల్చాయి, రంగం మీద వాన కురిసింది, కన్నుమూసి తెరిచేలోగా అడవి పోయి అంతఃపురం వచ్చింది. నా పక్క సీట్లో పదేళ్ళ పిల్లాడు తాళ్ళు ఎక్కడున్నాయో వెతకడానికి మెడ సాచి సాచి చూశాడు. నేనూ వెతికాను. దొరకలేదు. రాత్రి ఫోన్లో మా ఆవిడకి చెప్తే, "మన సూర్యకళామందిరంలో నాటకానికి రమ్మంటే నిద్దరొస్తోందనేవారు కదండీ" అంది. నిజమే. సొంతూళ్ళో నాటకానికి ఆవలింతలు వచ్చేవి, పరాయి ఊళ్ళో అదే దాహం తీర్చింది.

దెబ్బ తిన్నది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో. సంధ్య, దేవి, సుదర్శన్, ఒకదాని పక్కన ఒకటి థియేటర్లు. ఇక్కడ సెకండ్ షో చూడకపోతే తెలుగువాడివే కాదన్నట్టు మాట్లాడాడు మేనల్లుడు. పేపరు ముక్కలు ఎగిరాయి, ఈలలు మోగాయి, హీరో కనపడ్డాక పదినిమిషాలు ఒక్క డైలాగూ వినపడలేదు. ఆ సందడి మల్టీప్లెక్సులో ఎంత డబ్బిచ్చినా దొరకదు. అయితే మెట్రోలో చివరి రైలు పదకొండింటికే బయలుదేరిపోతుందని నాకు గుర్తుకొచ్చింది ఇంటర్వెల్లో. బొమ్మ వదిలేసరికి పన్నెండున్నర. మామూలప్పుడు నూటయాభై అయ్యే దూరానికి ఆటో అతను నాలుగొందలు అడిగాడు. క్యాబ్ యాప్‌లో రేటు అంతకంటే ఎక్కువ చూపిస్తోంది. పంతానికి పోయి చిక్కడపల్లి దాకా నడిచాను. అక్కడ ఇంకో ఆటో అతను కూడా నాలుగొందలే అన్నాడు. ఎక్కాను. నా షరతులు రెండూ ఆ రాత్రి పోయాయి.

సోమవారం ఆఫీసులో ఈ కథ చెప్తే, నా పక్క సీట్లో కూర్చునే మేడమ్ నవ్వలేదు. ఆవిడ పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. "రాత్రి ఒంటిగంటకి పంతానికి నడిచానని మీరు కథ చెప్పుకోగలరు సార్. నాకు ఈ ఊరు తొమ్మిదిన్నర దాకానే తెలుసు" అంది. డైరీలో నేను రాసుకున్న వేళలన్నీ మగవాడి వేళలని అంతవరకూ తట్టలేదు. ఆవిడే లామకాన్ పేరు చెప్పింది. తను స్నేహితురాళ్ళతో వెళ్ళే చోటట.

బంజారాహిల్స్‌లో సందు లోపల ఒక పాత ఇల్లు. పెరట్లో పెద్ద బండరాయి. 2010 నుంచి దాన్ని అందరికీ తెరిచి పెట్టారు. నాటకం, ముషాయిరా అనే ఉర్దూ కవిసమ్మేళనం, కామెడీ, డాక్యుమెంటరీ, ఎవరికి ఏం చెప్పాలనిపిస్తే అది. సోమవారం సెలవు. మెట్రో అక్కడికి పోదు, పంజాగుట్టలో దిగి ఆటో ఎక్కాలి. నేను వెళ్ళినరోజు ఒక అమ్మాయి దక్కనీలో, అంటే ఇక్కడి ఉర్దూ యాసలో, వాళ్ళ అమ్మమ్మ గురించి చెప్పి నవ్వించింది. నాకు మాటల్లో మూడొంతులే అర్థమయ్యాయి, అయినా నవ్వాను. తర్వాత ఒక కుర్రాడు తెలుగులో కవిత చదివి మధ్యలో మర్చిపోయి ఆగిపోయాడు. ఎవరూ గోల చేయలేదు. అతను ఫోన్ తీసి వెతుక్కునేదాకా చాయ్ తాగుతూ కూర్చున్నారు. చాయ్, సమోసా కలిపి మా ఆఫీసు క్యాంటీన్ ధరకి కాస్త అటూఇటూ. నూటయాభైలో ఒక సాయంత్రం గడిచిపోయింది.

ఇక పబ్బు. మూడోసారి మేనల్లుడు పక్కా ఏర్పాటుతో వచ్చాడు. వాళ్ళ ఆఫీసువాళ్ళు నలుగురు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. నన్ను అంకుల్ అనాలో సార్ అనాలో తేల్చుకోలేక ఆ పిల్లలు చివరికి ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర కవర్ చార్జీ కట్టించుకున్నారు. లోపల తిన్నదానిలో, తాగినదానిలో దాన్ని తగ్గిస్తారు. తెలంగాణలో మందు కొనాలన్నా తాగాలన్నా 21 నిండాలి. అందుకని కుర్రాళ్ళ కార్డులు చూశారు. నా ముఖం చూసి నన్నేమీ అడగలేదు. నాకు మందు అలవాటు లేదు, పుదీనా వేసిన నిమ్మసోడా చెప్పాను. 450 రూపాయలు. కాకినాడలో మా వీధి చివర గోలీసోడా బండి ఆయనకి ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను.

నేను ఊహించుకున్నట్టు అక్కడ అప్సరసలూ లేరు, రౌడీలూ లేరు. మామూలు పిల్లలు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని నడుం పట్టేసినవాళ్ళు ఎగురుతున్నారు. మూల టేబుల్ దగ్గర నాకంటే పెద్దవాళ్ళు ఎవరిదో పుట్టినరోజు చేసుకుంటున్నారు. పాట బావుందో లేదో చెప్పలేను. అది చెవికి కాదు, పక్కటెముకలకి వినపడుతుంది. ఏదన్నా చెప్పాలంటే ఎదుటివాడి చెవిలో నోరు పెట్టి అరవాలి. గంటన్నర తర్వాత గాలి కోసం బయటికి వస్తే, ఎదురుగా దీపాలార్పిన బంగళాలు. ఆ గోడల అవతల పడుకున్నవాళ్ళకీ ఈ దడదడ అందుతూనే ఉంటుంది కదా. ఈ కాలనీలవాళ్ళు హైకోర్టు దాకా వెళ్తే, పది దాటాక పబ్బుల్లో పెద్ద శబ్దం పెట్టొద్దని 2022లో కోర్టు చెప్పింది. ఆ గొడవ పేపర్లో చదివినప్పుడు డబ్బున్నవాళ్ళ తగువులే అనుకున్నాను. ఆ రాత్రి మాత్రం బంగళాలవాళ్ళ పక్షమే వహించాను.

తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్ మాట్లాడుకున్నాం. చెక్‌పోస్ట్ దిగువన పోలీసులు బండ్లన్నీ ఆపి డ్రైవర్ల చేత గొట్టంలో ఊదిస్తున్నారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మా డ్రైవర్ ఊది, సున్నా వచ్చాక అద్దం ఎత్తి అన్నాడు, "రోజుకి మూడుసార్లు సార్. తాగేది మీరు, ఊదేది నేను." వెనక సీట్లో ఒక్కరూ మాట్లాడలేదు.

ఆకలేస్తోందన్నారు పిల్లలు. పబ్బులో అంత ఖర్చు పెట్టీ ఎవరి కడుపూ నిండలేదు. దుర్గం చెరువు మీద 2020లో కట్టిన తీగల వంతెన దాటాం. రంగులు మారుతూ ఉంది, చూడ్డానికి బాగుంది, బండి ఆపితే మాత్రం ఫైన్. అటునుంచి గచ్చిబౌలిలో డీఎల్ఎఫ్ అనే ఐటీ ఆఫీసుల సముదాయం ఎదురుగా ఉన్న వీధికి వెళ్ళాం. నవంబరులో ఏడింటికి నేను చూసి పెదవి విరిచిన వీధి అదే. పన్నెండున్నరకి అది తిరునాళ్ళలా ఉంది. మెడలో ఐడీ కార్డులతో మొమోలు తినేవాళ్ళు, స్కూటర్ సీటు మీద ప్లేటు పెట్టుకుని మ్యాగీ తినేవాళ్ళు. నైట్ షిఫ్ట్ వాళ్ళకి అది మధ్యాహ్న భోజనం వేళ. ఒక బండి దగ్గర శ్రీకాకుళం యాస వినపడితే మాట కలిపాను. మనవాడే. పగలు పడుకుని సాయంత్రం లేస్తాడట. "మాకు సూర్యుడితో పన్లేదు సార్" అని గుడ్డు పగలగొట్టాడు.

సంక్రాంతికి ముందు మా ఆవిడా అమ్మాయీ నాలుగు రోజులకి వస్తే నాంపల్లిలో నుమాయిష్‌కి తీసుకెళ్ళాను. 1938లో మొదలైన ఎగ్జిబిషన్ అది, ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో 46 రోజులు. కశ్మీరు శాలువాల కొట్ల దగ్గర మా ఆవిడ, జెయింట్ వీల్ దగ్గర అమ్మాయి, సంచులు మోస్తూ నేను. దాని గురించి అంతకంటే చెప్పడానికేం లేదు, కాళ్ళ నొప్పులు తప్ప. తిరుగు రైలెక్కేముందు మా ఆవిడ, "ఈసారి చార్మినార్ వెళ్తే లక్క గాజులు తెండి. సైజు రెండు-ఆరు" అని చెప్పి వెళ్ళింది.

ఆ మాట మార్చిలో రంజాన్ మొదలయ్యాక గుర్తొచ్చింది. ఆఫీసులో పాతబస్తీ శాలిబండ మిత్రుడొకరు ఉన్నారు. వేళ ఆయన్నే అడిగాను. "పదిన్నరకి ముందు రాకండి భాయ్. రంజాన్ రాత్రుల్లో చేసే తరావీ నమాజ్ అయ్యాక రండి. అప్పుడు మా వాళ్ళకి తెల్లారుతుంది" అన్నారు. ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి, మూసీ మీద నయాపూల్ దాటి మదీనా సెంటర్ వైపు నడిచాను. పత్తర్‌గట్టీ దాకా వచ్చేసరికి ఇక నడవడం అనేది నా చేతుల్లో లేదు, జనమే మోసుకుపోయారు. నవంబరులో షట్టర్లు మూసి కళావిహీనంగా కనపడిన వీధి ఇదేనా అనిపించింది. అత్తరు, మాంసం పొగ, కొత్త బట్టల గంజి వాసన కలిసి కొడుతున్నాయి. చంకలో పసిపిల్లలతో ఆడవాళ్ళు, రాత్రి పదకొండున్నరకి, ఏ తొందరా లేకుండా చెప్పుల బేరమాడుతున్నారు. ఆఫీసు మేడమ్ మాట గుర్తొచ్చింది. గుంపు ఉన్నచోట రాత్రికి భయం తగ్గుతుందేమో.

మిత్రుడు నన్ను హలీం భట్టీ దగ్గరికి తీసుకెళ్ళారు. మట్టితో కట్టిన పొయ్యిలో పెద్ద దేగ్. గోధుమలు, మేకమాంసం, పప్పు, నెయ్యి గంటల తరబడి ఉడికాక, ఇద్దరు మనుషులు పొడుగాటి చెక్క ఘోట్నీలు పట్టుకుని దంచుతారు. అదంతా అయ్యాక ఏది మాంసమో ఏది గోధుమో విడదీయలేం. నిజాం సైన్యంలో కొలువుకి వచ్చిన అరబ్బులు తెచ్చిన వంట అది. వాళ్ళుండే బార్కస్ పేటకి ఆ పేరు బ్యారక్స్ నుంచే వచ్చింది. హైదరాబాదీ హలీంకి 2010లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరిదే అని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, మన దేశంలో ఒక మాంసం వంటకానికి అదే మొదటిది. పైన వేయించిన ఉల్లిపాయలు, కొత్తిమీర వేసి, నిమ్మకాయ పిండి ఇచ్చారు. సగం తినేసరికే నాకు కడుపు నిండిపోయింది. వదిలేయడానికి మనసొప్పక మిగతా సగమూ తిన్నాను.

గాజులకి ఒంటిగంట అయింది. లాడ్‌బజార్లో దీపాల వెలుగుకి రాళ్ళన్నీ మెరుస్తాయి, ఏది మంచిదో తెలీదు. కొట్టు వెనక అరుగు మీద ఒక ముసలాయన బొగ్గుల కుంపటి దగ్గర లక్క మెత్తబరిచి, కర్రకి తొడిగి, వేడి మీద ఉండగానే రాళ్ళు ఒక్కొక్కటే పొదుగుతున్నాడు. నా కాకినాడ హిందీలో బేరం మొదలుపెట్టాను. అబ్బాయి ఆరొందలు అన్నాడు. నేను మూడొందలు అన్నాను. మిత్రుడు మధ్యలో కలగజేసుకుని దక్కనీలో ఏదో అన్నారు. ఇద్దరూ నవ్వారు. మూడొందల యాభైకి ఇచ్చాడు. ఏమన్నారని అడిగితే, "ఈయనకి తిరిగి వెళ్ళడానికి ఆటో డబ్బులు మిగల్చరా అన్నాను" అన్నారు.

అప్పటికి ఆటో ఎక్కకూడదని నిర్ణయించుకున్నాను. మెట్రో మళ్ళీ నడిచేది ఆరింటికి. మధ్యలో ఉన్నది నాలుగైదు గంటలే. మిత్రుడు సహర్ భోజనానికి, అంటే ఉపవాసం మొదలయ్యేలోపు తినే తిండికి, ఇంటికి వెళ్ళిపోయాక, మెల్లిగా నయాపూల్ మీదుగా నాంపల్లి వైపు నడిచాను. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ గడియారం కింద కుక్కలు, నేనూ. అక్కడికి దగ్గర్లోనే రామ్‌కీ బండి అని దోసెల బండి ఒకటుంది. అందరూ పడుకునే వేళకి, తెల్లవారుజామున మూడింటికి అది మొదలవుతుంది. నేను వెళ్ళేసరికే చుట్టూ ముప్పై మంది. పెనం మీద వెన్న కరుగుతోంది. ఉప్మా పెట్టిన దోసె తిన్నాను. మా పెసరట్టు ఉప్మాని మరిపించిందని అబద్ధం చెప్పను. కానీ తెల్లారి మూడున్నరకి కాకినాడలో ఎవడు వేస్తాడు పెసరట్టు?

ఆరు దాటాక నాంపల్లి స్టేషన్లో రైలెక్కాను. పెట్టెలో పదిమంది కూడా లేరు. ఒకరిద్దరు డ్యూటీకి వెళ్తున్నారు, మిగతావాళ్ళం డ్యూటీ దిగినవాళ్ళలా ఉన్నాం. లక్డీకాపూల్ దాటుతుంటే మా ఆవిడ ఫోన్ చేసింది.

"లేచారా?" అంది.

"లేచే ఉన్నాను" అన్నాను, గాజుల పెట్టె ఒళ్ళోకి లాక్కుంటూ. "సైజు రెండు-ఆరే కదా నువ్వు చెప్పింది?"

"రెండు-నాలుగండీ" అంది.